ముందు చెమ్మ సంగతి, తర్వాతే జిగురు



ఈ పూట ఇంటి గచ్చు గురించి మాట్లాడుకుందాం. అందులోనూ జిగురు పెట్టి అతికించే గచ్చు గురించి. బెండు పలకలున్నాయి, వాటినే కార్క్ టైల్స్ అంటున్నారు. వినైల్ షీట్లున్నాయి. చూడ్డానికి బాగుంటాయి. కాలికి మెత్తగా తగులుతాయి. కానీ కొన్ని ఇళ్ళల్లో ఏడాది తిరక్కుండానే వాటి అంచులు పైకి లేస్తాయి. చీపురు తగిలినప్పుడల్లా ఇంకాస్త లేస్తాయి. నడిచేవాళ్ళ కాలికి తట్టుకుంటాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు జిగురును తిడతారు, లేదంటే మేస్త్రిని తిడతారు.

చాలా ఇళ్ళల్లో అసలు కారణం కింద నేలలో ఉంటుంది. నేలలో చెమ్మ ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. అందుకే ఈ పూట నేను చెప్పేది ఒక్క మాట. ముందు నేలలో చెమ్మ చూడండి. తర్వాతే జిగురు డబ్బా మూత తీయండి. ఈ మాట మధ్యమధ్యలో మళ్ళీ చెప్తాను. ఇదొక్కటి గుర్తుంటే చాలు.

ముందు బెండు సంగతి చూద్దాం. బెండు మనకు కొత్తదేం కాదు. సీసాల బిరడాలు దాంతోనే చేసేవాళ్ళు. అది ఓక్ జాతి చెట్టు ఒకదాని బెరడు. ఆ చెట్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో పెరుగుతాయి. ప్రపంచంలో దొరికే బెండులో దాదాపు సగం ఒక్క పోర్చుగల్ నుంచే వస్తుంది. దానికోసం చెట్టును నరకరు. బెరడు మాత్రం ఒలుస్తారు. ఒలిచిన చోట మళ్ళీ పనికొచ్చే బెరడు కట్టడానికి తొమ్మిదేళ్ళు పడుతుంది. మన రోడ్ల పక్కన ఆకాశమల్లె చెట్లుంటాయి చూడండి. ఆ చెట్టుకు ఇండియన్ కార్క్ చెట్టు అని ఇంకో పేరుంది. దాని బెరడుతో కూడా నాసిరకం బెండు చేసేవాళ్ళు. గచ్చుకు వాడేది మాత్రం ఆ ఓక్ చెట్టు బెండే.

1665లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పల్చటి బెండు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. లోపల చిన్న చిన్న గదులు కనిపించాయి. ఆ గదుల నిండా గాలే. ఆ గాలి వల్లే బెండు కాలికి మెత్తగా ఉంటుంది. చలికాలంలో కూడా పాదం జిల్లుమనదు. వంటింట్లో గంటలకొద్దీ నిలబడేవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇది హాయిగా ఉంటుంది. ఆ మాట నిజమే.

అయితే ఒకటి గమనించండి. బిరడా అంటే ఒకే ముక్క. గచ్చు పలక అలా కాదు. బెండును గింజలుగా నలగ్గొట్టి, బంక కలిపి, ఒత్తి పలకలు చేస్తారు. పలక పైన వార్నిషు పూత ఉంటుంది. అంచుల దగ్గర అంత రక్షణ ఉండదు. చెమ్మ అక్కడినుంచి లోపలికి దూరుతుంది. చెమ్మ తగిలితే పలక ఉబ్బుతుంది. ఎండితే ముడుచుకుంటుంది. అడుగు చెమ్మగా, పైభాగం పొడిగా ఉందనుకోండి. అడుగు సాగుతుంది, పైభాగం సాగదు. అప్పుడు పలక గిన్నెలా వంగి, అంచులు పైకి లేస్తాయి.

ఇక మన నేల సంగతి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిరప పండే ఊళ్ళల్లో ఎక్కువగా ఉండేది నల్లరేగడి. ఈ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఉంటుంది. అది సన్నటి పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీళ్ళు చేరితే మట్టి ఉబ్బుతుంది. నీళ్ళు పోతే ముడుచుకుంటుంది. వేసవిలో రెంటచింతల వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చేలల్లో నెర్రెలు విచ్చుకుంటాయి. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. వానలు పడ్డాక అవే నెర్రెలు పూడుకుపోతాయి. అంటే నేల ఏడాదిలో ఒకసారి ముడుచుకుంటుంది, ఒకసారి ఉబ్బుతుంది. మీ ఇల్లు ఆ నేల మీదే ఉంది.

ఈ నేలతో ఇంజినీర్లు చాలాకాలం తంటాలు పడ్డారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్స్ రూపొందించింది. భూమిలోకి లోతుగా గుంట తవ్వి, అడుగు దగ్గర వెడల్పు చేసి, అందులో కాంక్రీటు పోస్తారు. నేల పైన ఎంత కదిలినా పైలు అడుగున గట్టిగా పట్టుకుని ఉంటుంది. గోడలు దాని మీద నిలబడతాయి. కానీ గచ్చు సంగతి వేరు. గోడలకు పైల్స్ ఉన్నా, గచ్చు మాత్రం చాలా ఇళ్ళల్లో లోపల నింపిన మట్టి మీదే కూర్చుంటుంది. ఆ మట్టిలోకి చెమ్మ ఎక్కితే గచ్చులోకీ ఎక్కుతుంది.

మన పెద్దవాళ్ళు నాపరాళ్ళు పరిచేవాళ్ళు. పల్నాటి నాపరాయికి చెమ్మ వల్ల నష్టం లేదు. రాయికీ రాయికీ మధ్య సందులుండేవి. కింద చెమ్మ ఆ సందుల్లోంచి కొద్దికొద్దిగా ఆరిపోయేది. వానాకాలం పొద్దున్నే గచ్చు చెమ్మగా ఉండేది, మధ్యాహ్నానికి ఆరేది. అక్కడితో సరి. ఇప్పుడు అదే గచ్చు మీద జిగురు పూసి, బెండు పలకో వినైల్ షీటో అతికిస్తున్నాం. చెమ్మ బయటికి వచ్చే దారి మూసేస్తున్నాం. అప్పుడా చెమ్మ ఎక్కడికి పోతుంది?

దీనికి జవాబు మిర్చి రైతులందరికీ తెలుసు. కల్లంలో కాయలు ఆరబెట్టడానికి పట్టా పరుస్తారు. పైన ఎండ మండిపోతుంటుంది. నేల పైకి పొడిగానే కనిపిస్తుంది. రాత్రంతా ఉంచి తెల్లవారాక పట్టా అంచు ఎత్తి చూడండి. అడుగున నీటి చుక్కలు కనిపిస్తాయి. పట్టా లేని చోట నేల ఎండిపోయి ఉంటుంది, పట్టా కింద మాత్రం చెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మ పైనుంచి రాలేదు. భూమిలోంచే వచ్చింది. మూత పడింది కాబట్టి అక్కడే ఆగిపోయింది. మీ ఇంట్లో అతికించిన గచ్చు కూడా పట్టాలాంటిదే. దాని కింద చెమ్మ ఆగుతుంది. ఆ చెమ్మ సిమెంటులోని క్షారాన్ని, ఉప్పును కూడా పైకి తెస్తుంది. వాటివల్ల జిగురు పట్టు వదులుతుంది. పట్టు ముందుగా వదిలేది అంచుల దగ్గరే.

అందుకే మళ్ళీ చెప్తున్నా. ముందు నేలలో చెమ్మ చూడండి. తర్వాతే జిగురు.

చెమ్మ ఎలా చూడాలి? ఖర్చు లేని పని ఇది. దళసరిగా, కింద ఉన్నది కనిపించేలా ఉండే పాలిథిన్ కవరు తీసుకోండి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉండేలా కత్తిరించండి. అంటే సుమారు 45 సెంటీమీటర్లు. గచ్చు మీద దుమ్ము శుభ్రంగా తుడవండి. కవరు పరిచి, నాలుగు వైపులా గాలి చొరబడకుండా టేపు అంటించండి. దాని మీద ఎండ పడకూడదు. ఒక రాత్రి, ఒక పగలు అలాగే వదిలేయండి. తర్వాత చూడండి. కవరు లోపలివైపు చుక్కలు కనిపించినా, కవరు కింద సిమెంటు రంగు మారి నల్లబడినా, ఆ గచ్చులో చెమ్మ ఉన్నట్టే. దాని మీద జిగురు పూయకూడదు.

ఒక్క చోట చూస్తే చాలదు. గది మధ్యలో ఒకటి పెట్టండి. బయటి గోడ దగ్గర ఒకటి పెట్టండి. బాత్రూం వైపు గోడ పక్కన ఒకటి పెట్టండి. ఎందుకంటే ఒకే గదిలో ఒక మూల పొడిగా, ఇంకో మూల చెమ్మగా ఉండొచ్చు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్ళు తప్పకుండా పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ పరీక్ష మే నెలలో చేశారనుకోండి. కవరు పొడిగానే కనిపిస్తుంది. ఎందుకంటే అప్పుడు చుట్టుపక్కల నేలంతా ఎండిపోయి నెర్రెలిచ్చి ఉంటుంది. పని బాగుందనుకుంటారు, పలకలు అతికిస్తారు. నవంబరు వచ్చేసరికి నేల నీళ్ళు తాగి ఉంటుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు అప్పుడే కదా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి వాన తర్వాత నల్లరేగడి ఎంత నీరు పట్టుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. నాగార్జున సాగర్ కుడి కాలువ కింది ఊళ్ళల్లో అయితే కాలువ నీళ్ళు కూడా తోడవుతాయి. మే నెలలో పొడిగా ఉన్న గచ్చు నవంబరులో చెమ్మగిల్లుతుంది. అందుకని పరీక్ష వానాకాలం చివర్లో చేయండి. వేసవిలో చేసినా, వానలయ్యాక ఇంకోసారి చేయండి.

కొత్త ఇల్లు కట్టినవాళ్ళకు ఇంకో మాట. కాంక్రీటులో కలిపిన నీళ్ళు ఆరడానికి కూడా టైము పడుతుంది. అంగుళం మందానికి సుమారు నెల రోజులని ఒక లెక్క ఉంది. నాలుగంగుళాల గచ్చు వేస్తే నాలుగు నెలలు ఆగాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని గచ్చు వేసిన నెలకే పలకలు అతికిస్తే, ఆ నీళ్ళన్నీ పలకల కిందే ఉండిపోతాయి.

పరీక్షలో చెమ్మ ఉందని తేలింది. అప్పుడేం చేయాలి? ముందు ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకండి. ఇంటి గోడను ఆనుకుని అరటి పిలకలు నాటారా? పంపు దగ్గర నీళ్ళు గోడ కిందికి పారుతున్నాయా? చూరు నీళ్ళు పునాది పక్కనే పడుతున్నాయా? బాత్రూం గొట్టం ఏదైనా కారుతోందా? ఇవి సరిచేయండి. ఇంటి చుట్టూ రెండు మూడు అడుగుల వెడల్పున సిమెంటు గచ్చు వేసి, నీళ్ళు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టండి. చాలా ఇళ్ళల్లో ఈ పనితోనే సగం చెమ్మ తగ్గుతుంది.

అప్పటికీ చెమ్మ ఉంటే, గచ్చు మీద చెమ్మను ఆపే ఎపాక్సీ పూత రెండు సార్లు వేయించవచ్చు. అది బాగా ఆరాకే పలకల పని. కొత్తగా కట్టేవాళ్ళయితే ఇంకా మంచిది. లోపల నల్లరేగడి నింపవద్దు. ఉబ్బని గ్రావెల్ నింపించండి. కాంక్రీటు వేసేముందు దాని కింద మందపాటి పాలిథిన్ షీటు పరిపించండి. ఆ షీటు మీద పెట్టే ఖర్చు తక్కువ. తర్వాత అది పెట్టాలంటే ఇల్లంతా తవ్వాలి.

ఒకవేళ గచ్చు మీద బీటలు ఏటా మారుతున్నాయనుకోండి. వానల్లో పూడుకుంటూ, ఎండల్లో విచ్చుకుంటూ ఉన్నాయనుకోండి. అంటే నేలే కదులుతోంది. అలాంటి చోట ఏ జిగురూ నిలవదు. కింది అంతస్తులో నాపరాయో చీమకుర్తి గ్రానైటో వేసుకోండి. బెండు పలకలు పై అంతస్తులో వేసుకోండి. పై అంతస్తు స్లాబు కింద నేల ఉండదు కాబట్టి భూమిలోని చెమ్మ అక్కడికి రాదు. మెత్తటి గచ్చు మీద ఆశ ఉన్నవాళ్ళకు మన ప్రాంతంలో ఇది మంచి దారి.

చెమ్మ లేదని తేలింది. ఇక వేసే పని. పెట్టెలు విప్పి పలకలు ఏ గదిలో వేయాలో ఆ గదిలోనే రెండు రోజులు ఉంచండి. ఆ గది వేడికి, ఆ గది గాలికి అవి అలవాటు పడాలి. గచ్చు మీద ఎత్తుపల్లాలుంటే సరిచేయించండి. పాత రంగు, నూనె మరకలు, దుమ్ము ఏమీ ఉండకూడదు. దుమ్ము మీద జిగురు పూస్తే అది దుమ్మును పట్టుకుంటుంది, గచ్చును పట్టుకోదు.

గది మధ్యలోంచి సుద్ద దారం కొట్టి, అక్కడినుంచి మొదలుపెట్టాలి. కాంటాక్ట్ జిగురు పలక అడుగునా పూయాలి, గచ్చు మీదా పూయాలి. రెండూ పల్చగా, మూలల దాకా పూయాలి. మూలలు వదిలేస్తే తర్వాత లేచేవి అవే. పూసిన వెంటనే అతికించకూడదు. వేలు పెడితే వేలికి అంటకుండా ఉండేంత ఆరాలి. మరీ ఎండిపోనూ కూడదు. మన ఎండల్లో, ఫ్యాను కింద, అది చాలా త్వరగా ఎండుతుంది. అందుకని పొద్దున్నే పని మొదలుపెట్టండి. కొంచెం కొంచెం జాగాకే పూయించండి. డబ్బా మీద రాసిన టైము మేస్త్రి చేత చదివించండి. ఈ జిగురు ఒకసారి తగిలితే వదలదు. కాబట్టి పలకను ముందు ఒక అంచు కుదిర్చి, ఆ తర్వాత నెమ్మదిగా పరవాలి. పరిచాక బరువైన ఇనుప రోలరుతో రెండు దిక్కులా తిప్పాలి. అంచులను రబ్బరు సుత్తితో తట్టాలి. రోలరు తిప్పకుండా చేత్తో ఒత్తి వదిలేసిన పలకలే ముందు లేస్తాయి. గోడల దగ్గర స్కర్టింగు కింద దాగేంత సన్నటి సందు వదలండి. చివర్లో పైన వార్నిషు రెండు పూతలు వేయిస్తే, అతుకుల సందులు మూసుకుంటాయి.

జాగ్రత్త ఒకటి చెప్పాలి. ఈ జిగుర్లలో చాలావాటికి నిప్పంటుకునే గుణం ఉంటుంది. పని జరిగేటప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగించవద్దు. దేవుడి దగ్గర దీపం, అగరుబత్తి కూడా వద్దు. కిటికీలన్నీ తెరిచి ఉంచండి.

ఇప్పుడు అసలు బాధ. అంచులు లేచాయి. ముందు ఎక్కడ లేచాయో చూడండి. ఆ చోటే కారణం చెప్తుంది. గది మధ్యలో, చాలా పలకల అంచులు ఒకేసారి లేస్తే, అది కింది చెమ్మ. బాత్రూం గుమ్మం దగ్గర, వంటింటి సింకు దగ్గర మాత్రమే లేస్తే, పైనుంచి పడ్డ నీళ్ళు. పడమటి కిటికీ కింద లేస్తే, సాయంత్రపు ఎండ. ఎక్కడో ఒకటీ అరా పలక లేస్తే, అక్కడ జిగురు సరిగా పూయలేదు, లేదా రోలరు తిప్పలేదు.

ఒకటీ అరా పలకయితే బాగుచేయడం తేలికే. హెయిర్ డ్రయ్యర్ గాలి కాసేపు తగలనివ్వండి. పాత జిగురు మెత్తబడుతుంది. అంచును విరగకుండా పైకెత్తండి. అడుగున పాత జిగురు, దుమ్ము గీకి తీయండి. రెండు వైపులా పల్చగా కాంటాక్ట్ జిగురు పూయండి. వేలికి అంటకుండా ఆరనివ్వండి. లోపలినుంచి అంచు వైపుకు ఒత్తుకుంటూ రండి. దాని మీద పాలిథిన్ వేసి, పైన చదునైన చెక్క, ఆ పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచండి. ఇక్కడ కొందరు వడ్రంగి పనికి వాడే తెల్ల జిగురు పోస్తారు. అది చెక్కకు మంచిదే. చెమ్మ తగిలే గచ్చుకు నిలవదు. అంచు ఉబ్బి గింజలు విడిపోతే ఆ పలకను తీసేసి కొత్తది వేయాలి. అందుకే ఒక పెట్టె పలకలు ఎక్కువ కొని దాచుకోండి.

గది మధ్యలో వరుసగా లేస్తే మాత్రం తొందరపడి అతికించవద్దు. లేచిన పలక తీసి, అక్కడ మూరెడు కవరు పరీక్ష చేయండి. చెమ్మ ఉంటే దాని సంగతి ముందు తేల్చండి. చెమ్మ మీద ఎన్నిసార్లు అతికించినా అన్నిసార్లూ లేస్తుంది. ప్రతిసారీ జిగురు ఖర్చు, కూలీ ఖర్చు మీదే.

వేసినాక మీరు చూసుకోవలసింది కూడా కొంచెం ఉంది. మనకు పండగొస్తే బకెట్లతో నీళ్ళు పోసి గచ్చు కడగడం అలవాటు. ఈ గచ్చుకు ఆ పని చేయకూడదు. బాగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు. నీళ్ళు ఒలికితే వెంటనే తుడిచేయండి. ఎండ పడే కిటికీకి పరదా వేయండి.

ఇది మన ఒక్కరి ఇబ్బందే అనుకోకండి. అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కల కూడా ఇలాంటి నల్లటి బంకమన్నే. అక్కడా ఒకప్పుడు పత్తి బాగా పండించారు. ఇవాళ ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ వేసవిలో పునాది చుట్టూ సన్నటి చిల్లులున్న గొట్టాలు పరిచి, నేలను కొద్దికొద్దిగా తడుపుతారు. నేల ఒకవైపు ఎండి ముడుచుకుని, ఇంకోవైపు ఉబ్బి ఉంటే గచ్చు బీటలిస్తుంది. అలా కాకుండా నేలంతా ఒకే తీరున ఉండాలని వాళ్ళ ప్రయత్నం. ఆ ఊళ్ళ నుంచి మీ అబ్బాయో అమ్మాయో ఫోను చేసి, అమ్మా, మనింట్లో కూడా కార్క్ వేయిద్దాం అంటే, సంతోషంగా సరేననండి. నేల చెమ్మ చూశాకే వేయిద్దామని కూడా చెప్పండి.

ఒక ఇల్లు మీద పెట్టే డబ్బు ఊరికే రాదు. ఏడాదంతా పత్తి తీసి, మిర్చి కోసి కూడబెట్టిన డబ్బది. మూరెడు కవరు, ఒక రోజు ఓపిక, దాన్ని కాపాడతాయి. తొందరేమీ లేదు కాబట్టి కార్తీక మాసంలో, వానలు తగ్గుతున్నప్పుడు, చెమ్మ పరీక్ష పెట్టుకోండి. కవరు చెమ్మగా ఉంటే ఇంటి చుట్టూ నీళ్ళ దారి సరిచేయించండి. గచ్చును ఆరనిచ్చి పుష్యంలో ఇంకోసారి చూడండి. పొడిగా ఉందని తేలితే, మాఘంలో, ఎండలు ముదరకముందే, పలకలు వేయించండి. అప్పుడు జిగురు కూడా నింపాదిగా ఆరుతుంది, మేస్త్రికీ పని తీరుబాటుగా సాగుతుంది.